బ్లాస్టింగ్ క్యాబినెట్‌లో ఏం పోయాలి: అల్యూమినియం ఆక్సైడా, గాజు పూసలా?

బ్లాస్టింగ్ క్యాబినెట్ అంటే గాలి ఒత్తిడితో గట్టి పలుకులు చిమ్మి లోహపు సామాను శుభ్రం చేసే మూసిన పెట్టె. అందులో పోసే పలుకుల గురించి ముందుగా చెప్పేది, ఇసుక మాత్రం వద్దే వద్దు. పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్న చోట ఊరికే దొరుకుతుంది కదా అని పోస్తే, పగిలిన సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. అది నయమయ్యే జబ్బు కాదు.

సరుకు కొనడానికి సికింద్రాబాద్ రాణీగంజ్ బజారుకు వెళ్లేముందు మీ పనేంటో తేల్చుకోండి. తుప్పు పట్టిన స్కూటర్ స్టాండు, గేటు బందులు లాంటి ఇనుప సామానుకైతే అల్యూమినియం ఆక్సైడే. గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్కేలు మీద దాని కాఠిన్యం 9. పలుకులకు పదునైన అంచులుంటాయి, తుప్పునీ పాత పెయింటునీ కోసేస్తుంది. మిగిలే గరుకు మీద ప్రైమర్ గట్టిగా పట్టుకుంటుంది. కాకపోతే పలుకులు బయటికి చిమ్మే మూతి, అంటే నాజిల్‌నీ తినేస్తుంది. సిరామిక్ నాజిల్ త్వరగా అరిగి రంధ్రం పెద్దదైతే, ఇంట్లోని చిన్న కంప్రెసర్ ప్రెషర్ నిలబెట్టలేదు. ఖరీదెక్కువైనా బోరాన్ కార్బైడ్ నాజిల్ వేయించుకోమనే చెప్తాను. పలుకులు తగిలి మసకబారకుండా క్యాబినెట్ కిటికీ అద్దానికి లోపలివైపు ఫిల్మ్ అంటించండి.

కార్బురేటర్ బాడీ, ఇంజన్ కవర్ లాంటి మెత్తటి అల్యూమినియానికి గాజు పూసలు. గుండ్రంగా ఉంటాయి కాబట్టి కోయవు, తడుతూ శాటిన్ మెరుపు తెస్తాయి. గాలి ప్రెషర్ 40 నుంచి 60 పీఎస్‌ఐ చాలు, ఎక్కువైతే పగిలి దుమ్మవుతాయి. గట్టి తుప్పు మీద ఇవి పనికిరావు. కార్బురేటర్ జెట్ దారుల్లో ఒక్క పూస కూడా మిగలకుండా కడిగి, గాలి కొట్టండి.

వానాకాలంలో రెండూ ముద్దకడతాయి. ఎయిర్ లైనుకు గాలిలోని నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్ పెట్టి, కంప్రెసర్ ట్యాంకు నీళ్లు రోజూ వదిలేయండి. పాత బండి బాగుచేసుకునేవాళ్లు ముందు ఆక్సైడే కొనండి, పూసలు తర్వాత.