కొత్త ఉద్యోగి కంప్యూటర్: ముందే దిద్దిన ప్రొఫైలా, గ్రూప్ పాలసీయా?

విజయవాడ గవర్నర్‌పేటలో ఎనిమిది కంప్యూటర్లున్న ఆడిటర్ ఆఫీసు ఒకటి అనుకుందాం. కొత్తగా చేరిన గుమస్తా మొదటిసారి లాగిన్ అయ్యాడు. అతనికి తేదీలు అమెరికా పద్ధతిలో, నెల ముందు పడి వస్తున్నాయి. ఎక్సెల్‌లో 11/7 అని కొడితే మనకది జూలై 11, కంప్యూటర్‌కు నవంబర్ 7. 13/7 అని కొడితే అసలు తేదీగానే తీసుకోదు. నెలనెలా జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను) వేసేవారికి 11వ తేదీ గడువు. ఆ హడావుడిలో ఇన్‌వాయిస్ తేదీలు తారుమారైతే సరిదిద్దడానికి ఎవరికి తీరిక? తేదీ పద్ధతి, తెలుగు కీబోర్డు, డిఫాల్ట్ ప్రింటర్ ఒక్కో యూజర్‌కు విడివిడిగా ఉంటాయి. అదే కంప్యూటర్ మీద పాత గుమస్తా అన్నీ సరిచేసుకున్నా, కొత్తవాడికి అవి రావు.

దీనికి మొదటి మార్గం డిఫాల్ట్ ప్రొఫైల్. ఒక యూజర్ సెట్టింగులూ ఫైళ్లూ ఉండే ఫోల్డరే ప్రొఫైల్. విండోస్‌లో కొత్తగా ఎవరు లాగిన్ అయినా, యూజర్స్ ఫోల్డరులో దాచి ఉంచిన ‘డిఫాల్ట్’ ఫోల్డరు నకలుతోనే వారి ప్రొఫైల్ మొదలవుతుంది. ఒక కంప్యూటర్‌ను నచ్చినట్టు అమర్చి, విండోస్‌తోనే వచ్చే సిస్‌ప్రెప్ అనే పనిముట్టును కాపీప్రొఫైల్ (ప్రొఫైల్ నకలు) ఎంపికతో నడిపితే ఆ అమరికలో చాలావరకు డిఫాల్ట్‌లోకి చేరుతుంది. సర్వర్ అక్కర్లేదు. కానీ ఇది మొదటి లాగిన్‌కే పనికొస్తుంది, పాతవారికి వర్తించదు. తొందరలో ఎవరిదో ప్రొఫైల్ ఫోల్డరును ఎత్తి డిఫాల్ట్‌లో పడేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ పాత ఉద్యోగి బ్రౌజింగ్ చరిత్ర, ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితా కొత్తవారి ముందుకు వచ్చే ప్రమాదం ఉంది. క్లయింట్ల లెక్కలుండే ఆఫీసులో అది చిన్న తప్పు కాదు.

రెండోది గ్రూప్ పాలసీ, అంటే అన్ని కంప్యూటర్ల సెట్టింగులనూ ఒకేచోట నుంచి నిర్ణయించడం. దీనికి ఆఫీసు కంప్యూటర్లనూ యూజర్లనూ ఒక గుంపుగా (డొమైన్‌గా) నడిపే సర్వర్ కావాలి, కంప్యూటర్లలో విండోస్ ప్రో ఉండాలి. హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు. ఖర్చు ఎక్కువే. అయితే ప్రాక్సీ (ఆఫీసు ఇంటర్నెట్‌కు మధ్యవర్తి సర్వర్) చిరునామా మారిందనుకోండి, సర్వర్‌లో ఒక్కచోట మారిస్తే చాలు. కంప్యూటర్లు మామూలుగా 90 నుంచి 120 నిమిషాలకోసారి పాలసీని మళ్లీ చదువుకుంటాయి. పాతవారికీ కొత్తవారికీ ఒకేలా అందుతుంది. పాలసీగా పెట్టినదాన్ని యూజర్ మార్చలేడు. అదే ప్రిఫరెన్స్‌గా (యూజర్ మార్చుకోదగిన సెట్టింగుగా) పెట్టి ‘ఒక్కసారే వర్తించు’ అంటే, తర్వాత అతని ఇష్టం.

ఎనిమిది కంప్యూటర్లకు సర్వర్ దండగని నా అభిప్రాయం. డిఫాల్ట్ ప్రొఫైల్ చాలు. గుంటూరు మిర్చి వ్యాపారంలో సీజన్‌కు మనుషులు మారిపోతూ, రెండు మూడు చోట్ల ఆఫీసులుండే సంస్థకైతే గ్రూప్ పాలసీయే మేలు. అక్కడ కూడా ప్రాక్సీ, బ్రౌజర్ కట్టడుల వంటి భద్రతా విషయాలనే పాలసీలో బిగించాలి. వాల్‌పేపరు, ఐకాన్లు, కీబోర్డు ఉద్యోగి సౌకర్యానికి వదిలేయాలి. రోజుకు ఎనిమిది గంటలు ఆ తెర ముందు కూర్చునేది అతనే.

సర్వర్ లేకుండా ప్రో కంప్యూటర్లలోనే, ఒక్కోదానిలో విడిగా, లోకల్ పాలసీ పెట్టుకోవచ్చు, ప్రాక్సీ వరకు అది బాగానే పనిచేస్తుంది. ఎడ్జ్ బ్రౌజర్ తెరవగానే జీఎస్‌టీ పోర్టల్ రావాలని పెట్టే హోమ్‌పేజీ పాలసీ మాత్రం డొమైన్‌లోనో, ఇంట్యూన్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ సేవ) వంటి నిర్వహణలోనో లేని కంప్యూటర్‌లో పనిచేయదు. పోర్టల్‌కు డెస్క్‌టాప్ మీద ఒక షార్ట్‌కట్ పెట్టేస్తే ఆ పని తీరుతుంది.