బ్లాక్‌లిస్ట్‌లో రైటర్‌కి ఏది బెటర్: ఫ్రెండ్ పేరా, దొంగ పేరా?

1947లో హాలీవుడ్ టెన్ గొడవయ్యాక (నువ్వు కమ్యూనిస్టువా అని అమెరికా పార్లమెంటు కమిటీ అడిగితే జవాబివ్వని పదిమంది సినిమావాళ్లు) వాళ్లలో ఒకడైన రైటర్ డాల్టన్ ట్రంబోకి జైలు కూడా పడింది, స్టూడియోలు పేరేస్తే పని ఇవ్వవు (ఇదే బ్లాక్‌లిస్ట్), మరి ఇల్లు గడవాలిగా, అందుకే రెండు దారులూ వాడాడు.

ఫ్రెండ్ పేరు: రోమన్ హాలిడే సినిమా కథ ఇయాన్ మెక్లెల్లన్ హంటర్ పేరు మీద వెళ్లింది. పెద్ద స్టూడియోకి ఇలాగే అమ్మాలి, ఎందుకంటే మీటింగ్‌కి వచ్చి కూర్చునే మనిషి ఒకడు కావాలి కదా.
దొంగ పేరు: ద బ్రేవ్ వన్ సినిమాకి రాబర్ట్ రిచ్ అని పెట్టేశాడు. అలాంటి రైటరే లేడు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు, కానీ కింగ్ బ్రదర్స్ లాంటి చిన్న నిర్మాతలే ఒప్పుకుంటారు, రేటు కూడా తక్కువే.

రిస్క్: మొదటిదాంట్లో ఫ్రెండ్‌కే ఎసరు, హంటర్ కూడా తర్వాత బ్లాక్‌లిస్ట్ అయ్యాడు పాపం. రెండోదాంట్లో దొరికేది ఎవరు, అసలు ఆ పేరుతో రైటరే లేడు కదా!

ఆస్కార్: రెండింటికీ వచ్చింది. 1957 ఫంక్షన్‌లో రిచ్ పేరు పిలిస్తే తీసుకోడానికి ఆయన రాలేదు, ఆ తర్వాత ఎవడీ రిచ్ అని ఊరంతా వెతుకులాట, నాకైతే ఇది భలే నచ్చింది. ఆ ఆస్కార్ బొమ్మ ట్రంబోకి 1975లో దక్కింది, రోమన్ హాలిడేది మాత్రం 1993లో, అప్పటికి ఆయన పోయి దాదాపు పదిహేడేళ్లు.

సో పెద్ద స్టూడియో, ప్రాణమిచ్చే ఫ్రెండ్ ఉంటే మొదటిది. చిన్న బ్యానర్, అర్జెంట్‌గా డబ్బు, ఎవర్నీ ఇరికించొద్దనుకుంటే రెండోదే.