11,000 మైళ్ల తర్వాత: నా 1971 వోక్స్‌వ్యాగన్ బస్సు గేరు లింకేజీ

నా 1971 మోడల్ వోక్స్‌వ్యాగన్ బస్సుకు గేరు లింకేజీ, అంటే లివర్‌ను గేరుబాక్సుకు కలిపే రాడ్డూ జాయింట్లూ, మొత్తం మార్చి నాలుగేళ్లయింది. ఈలోపు 11,000 మైళ్లు తిరిగాను. ఏ సామాను నిలబడింది, దేన్ని మళ్లీ విప్పి పారేశానో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

అప్పట్లో బండి పరిస్థితి ఇదీ. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ నుంచి లివర్‌మోర్ గుడికి వెళ్లేటప్పుడు సునోల్ దాటాక ఎత్తు మొదలవుతుంది. 1600 సీసీ ఇంజను ఆ ఎత్తును నాలుగో గేరులో లాగలేదు, మూడోదానికి దించాల్సిందే. లివర్ ముందుకు తోస్తే మూడో గేరు ఎక్కడుందో చేతికి అందేది కాదు, ఒక్కోసారి ఒకటో గేరు వైపు పోయేది. న్యూట్రల్‌లో వదిలేస్తే లివర్ అటూ ఇటూ జానెడు ఊగేది. వెనక కార్ల వరస, పక్క సీట్లో అమ్మ. "ఏమైందిరా, బండి ఎక్కదా?" అని అడిగిన ఆ రోజే పని మొదలుపెట్టాలని తీర్మానించుకున్నాను.

ఈ బస్సులో లివర్ ముందు, గేరుబాక్సు వెనక. మధ్యలో బండి పొట్ట కింద పొడవాటి షిఫ్ట్ రాడ్డు నడుస్తుంది. ఒక్కో జాయింటులో వచ్చే లూజు కొంచెమే. కానీ అన్నీ కలిసి లివర్ పైకొసకి వచ్చేసరికి జానెడవుతుంది. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. అందుకే మొదట రాడ్డును గేరుబాక్సుకు కలిపే వెనక కప్లింగ్ ఒక్కటే కొన్నాను. పాతదానిలో రబ్బరు పిండిలా రాలిపోయి ఉంది. గట్టిగా ఉంటుందని పాలీయురెథేన్‌ది వేశాను. లూజు సగం తగ్గింది, మూడో గేరు మాత్రం దొరకలేదు.

మళ్లీ ర్యాంపుల మీదికి ఎక్కించి కిందికి దూరితే అసలు సంగతి తెలిసింది. రాడ్డును మోసే ప్లాస్టిక్ బుష్ లేనే లేదు, రెండు ముక్కలు మిగిలాయంతే. రాడ్డు నేరుగా ఇనుప బ్రాకెట్టు మీద రాసుకుంటోంది. ఇన్నేళ్లూ నేను ఎగ్జాస్టు చప్పుడనుకున్న గలగల అదే! కొత్త బుష్‌ను వేణ్నీళ్లలో కాసేపు నానబెడితే మెత్తబడి సులువుగా కూర్చుంది. మొత్తం సామానులో అన్నిటికంటే చౌక ఇదే, అన్నిటికంటే తేడా తెచ్చిందీ ఇదే. నాలుగేళ్ల తర్వాత మొన్న చూస్తే అరుగుదల కంటికి కనిపించలేదు. ఏదైనా ఒక్కటే మార్చే ఓపిక ఉంటే ఇది మార్చండి.

లివర్ కూడా విప్పి చూశాను. అడుగున ఉండే గుండు ఒక పక్క చదునుగా అరిగిపోయింది. లివరే మార్చేశాను. గుండు కూర్చునే గిన్నెలో పాత గ్రీజు రాయిలా గట్టిపడి ఉంటే కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పట్టించాను. అక్కడున్న స్టాప్ ప్లేటు తీసే ముందు బండి లోపలి నేల మీద దాని అంచు వెంట గీత గీసుకోవడం మరచిపోవద్దు. రివర్సుకు లివర్‌ను కిందికి నొక్కి, ఎడమకు జరిపి, వెనక్కి లాగాలి కదా, పొరపాటున అటు పోకుండా ఆపేది ఆ ప్లేటే. నేను గీత గీయలేదు. గేరుబాక్సును రెండో గేరులో పెట్టి, బోల్టులు వదులు చేసి, ప్లేటును అటూ ఇటూ జరుపుతూ నాలుగు గేర్లూ రివర్సూ సరిగ్గా పడేదాకా ఒక సాయంత్రమంతా పట్టింది.

పాలీయురెథేన్ కప్లింగ్ మాత్రం నాకు నచ్చలేదు. గేరు పడటం బాగానే ఉంది, కానీ గంటకు 55 మైళ్లు దాటగానే గేరుబాక్సు వణుకంతా రాడ్డు గుండా లివర్‌లోకి వచ్చేది. గంట నడిపితే అరచేయి తిమ్మిరెక్కేది. ఏడాది ఓర్చుకుని మళ్లీ రబ్బరుది వేశాను. మూడేళ్లయినా పగుళ్లు లేవు. దూరప్రయాణాలు చేసేవాళ్లకు నా సలహా రబ్బరే.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. కప్లింగ్‌ను గేరుబాక్సు షాఫ్టుకు పట్టి ఉంచేది చదరపు తల ఉన్న ఒక స్క్రూ. దాని మొన షాఫ్టు మీది గుంటలోకి సరిగ్గా దిగాలి, తర్వాత స్క్రూ తలకు తీగ చుట్టి బిగించాలి. మొదటిసారి బిగువుగానే ఉంది కదా అని తీగ కట్టలేదు. రెండు నెలల్లో స్క్రూ వదులై, నైల్స్ కాన్యన్ రోడ్డులో బండి రెండో గేరులోనే ఉండిపోయింది. ఇద్దరు పిల్లలతో అలాగే నెమ్మదిగా ఇంటికి చేరాను. రూపాయి విలువ చేయని తీగ అది.

ఇప్పుడు ఆ ఎత్తు మీద మూడో గేరు రెండు వేళ్లతో పడుతోంది. చలికాలం పొద్దున్నే రివర్సు కాస్త మొరాయిస్తుంది, గేరాయిలు వేడెక్కాక సర్దుకుంటుంది. లివర్‌లో రెండు వేళ్ల మందం లూజు ఇంకా ఉంది. గేరుబాక్సును ముందువైపు పట్టి ఉంచే మౌంటు రబ్బరు కుంగినట్టు కనిపిస్తోంది, ఈ వేసవిలో అది మారుస్తాను. అప్పటిదాకా ప్రతి 3,000 మైళ్లకు ఇంజనాయిలు మార్చేటప్పుడు కిందికి దూరి ముందుగా ఆ తీగ మీదే టార్చి వేస్తాను.