జయపురం ప్రెస్సువారి ఎయిర్‌స్ట్రిప్ రిజిస్టర్లు: కొనవచ్చా?

ఒడిశాలో కొరాపుట్, రాయగడ వైపు చిన్న విమానాశ్రయాల కోసమంటూ జయపురంలో ఒక ప్రింటింగ్ ప్రెస్ అమ్ముతున్న మూడు పుస్తకాల సెట్టు ఇది: రన్‌వే తనిఖీ, హజార్డ్ రిజిస్టరు (ప్రమాదకర పరిస్థితులు, వాటి రిస్కు రాసుకునేది), శిక్షణ రికార్డు.

బైండింగు గట్టిది. పేజీ నంబర్లు అచ్చులోనే ఉన్నాయి కాబట్టి కాగితం చింపితే ఇట్టే తెలిసిపోతుంది. తనిఖీ పుస్తకంలో మాత్రం తడి రన్‌వేకి 'బాగుంది, పర్లేదు, బాగోలేదు' అని మూడే గళ్లు. 2021 నవంబరు నుంచి ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) పద్ధతిలో రన్‌వేని మూడు భాగాలుగా చూసి, ఒక్కోదానికి 0 (మరీ జారుడు) నుంచి 6 (పొడి) దాకా కోడ్ వేయాలి. కొరాపుట్ వానల్లో ఈ లోటు చిన్నది కాదు.

అసలు తప్పు రెండో పుస్తకంలో ఉంది. రిస్కుకు ఒక్కటే గడి. పశువులు రన్‌వే మీదికి వచ్చే రిస్కు 4బీ అనుకుందాం (అంకె జరిగే అవకాశానికి, అక్షరం తీవ్రతకు). కంచె బాగుచేశాక అది 2బీ అయిందని పక్కనే రాయకపోతే చర్య ఫలించిందో లేదో తేలదు. బాధ్యుడి పేరు, గడువు, ముగింపు సంతకం గళ్లూ లేవు. స్కేలుతో గీసుకోవచ్చు, కానీ డబ్బిచ్చి కొన్నాక ఆ ఖర్మేంటి?

శిక్షణ పుస్తకం బాగుంది. అట్ట మీది 'ఏడాది దాచితే చాలు' మాట నమ్మొద్దు. అమెరికా విమానాశ్రయాల నిబంధన పార్ట్ 139 ప్రకారమైతే ఎస్ఎంఎస్ (భద్రతా నిర్వహణ వ్యవస్థ) శిక్షణ రికార్డులు 24 నెలలు ఉంచాలి. రిస్కు పత్రాలు విశ్లేషణ ముగిశాక 36 నెలలు, లేదా నివారణ చర్యలు పూర్తయ్యాక 12 నెలలు, ఏది ఎక్కువైతే అది. మన దగ్గర డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనలూ మీ ఏరోడ్రోమ్ మాన్యువలూ చూసుకోండి.

విడిగా ఇస్తే మూడోది తీసుకోండి.