జిమ్మీతో మైపాడు: కుక్కను రానిచ్చేదెక్కడ, రానివ్వందెక్కడ

మైపాడు బీచ్‌కి వెళ్తూ రాత్రికి ఆగిన నెల్లూరు బస్టాండు దగ్గర ఒక లాడ్జి మమ్మల్ని మోసం చేసింది. గుంటూరులో బయల్దేరకముందే ఫోన్ చేసి, మాతో మా కుక్క జిమ్మీ వస్తోంది, పర్లేదా అని అడిగాను. "తీసుకురండి సార్" అన్నారు. ఏసీ గది 1,800. అడ్వాన్సు 900 అప్పుడే కట్టించుకున్నారు. రాత్రి తొమ్మిదింటికి సామాన్లు దించాక కౌంటర్లో వేరే మనిషి ఉన్నాడు. కుక్కకి ఇంకో 800 కట్టాలట, అయినా గదిలోకి రానివ్వరట, కింద జనరేటర్ పక్కన కట్టేసుకోమన్నాడు. 800 దేనికయ్యా అంటే గది క్లీనింగుకట! గదిలో అడుగే పెట్టని కుక్కకి క్లీనింగేమిటి? అడ్వాన్సైనా తిరిగిమ్మంటే కుదరదన్నాడు. మా పాప జిమ్మీ మెడ పట్టుకుని ఒకటే ఏడుపు. మా ఆవిడ మర్నాటి దాకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. 800 ఇవ్వనని తేల్చి చెప్పి, వాళ్ళిద్దర్నీ పైకి పంపి, నేను జిమ్మీతో కార్లో పడుకున్నాను.

కుక్కలు వద్దనే హక్కు లాడ్జివాళ్ళకుంది. మెట్లు, లిఫ్టు, టిఫిన్ హాలు నలుగురూ తిరిగేవి. కుక్కంటే వణికిపోయేవాళ్ళుంటారు, పసిపిల్లలుంటారు. కానీ ఆ ముక్క ఫోన్లోనే చెప్పాలి. సొంతిల్లున్న అపార్టుమెంటు సంగతి వేరు. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం సంఘాలకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. లాడ్జికి వెళ్ళేవాళ్ళు మాత్రం కుక్కకి ఎంత, ఎక్కడిదాకా రానిస్తారు అన్నది వాట్సాప్‌లో రాయించుకున్నాకే డబ్బు పంపండి.

పొద్దున రంగనాథస్వామి దర్శనం, జిమ్మీ దగ్గర ఒకరం ఉంటూ, వంతులవారీగా బాగానే అయింది.

అక్కణ్ణుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. బీచ్ రోడ్డులో ఒక చిన్న మెస్సు దగ్గర ఆగాం. నడిపే పెద్దావిడ మమ్మల్ని చూస్తూనే, "టీకాలు ఏపించుండావా నాయనా?" అంది. రేబిస్ టీకా కార్డు చూపించాను. లోపల తింటున్నవాళ్ళని "మీకేమన్నా భయమా?" అని అడిగొచ్చింది. "అయితే ఆ యాపచెట్టు కింద కట్టెయ్. తినే కాడికి మాత్రం రానీబాక." అరనిమిషంలో తేలిపోయింది. కుక్క యజమానికీ, పక్కవాళ్ళకీ ఇద్దరికీ సరిపోయే పద్ధతి ఇదే.

భోజనం 180. మామిడికాయ ముక్కలేసి ముందురోజు కాచిన వంజరం పులుసు, ముక్క విరక్కుండా లోపలిదాకా పులుపు పట్టి ఉంది. మా ఆవిడ రెండోసారి వడ్డించుకుని అప్పుడు నవ్వింది. జిమ్మీకి ఆకులో పెట్టిన పెరుగన్నానికి మెస్సు పెద్దావిడ పైసా తీసుకోలేదు.

బీచ్‌లో గొలుసు విప్పబోతే వలలు సర్దుకుంటున్న ఒకాయన వద్దన్నాడు. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొస్తాయి. ఒక్కో గుంటలో వంద దాకా గుడ్లు, పొదగడానికి నెలన్నర పైనే ఇసుకలో ఉండాలి. వాసన పట్టిందంటే కుక్క తవ్వేస్తుంది. ఆయన మాటే సరైనది. ఆ నెలల్లో చీకటి పడ్డాక కుక్కని ఇసుకలోకి అసలు తీసుకెళ్ళకండి. పగలైనా గొలుసుతోనే తిప్పండి, దాని మలం ఎత్తడానికి కవర్లు దగ్గరుంచుకోండి. మధ్యాహ్నం ఎండలో మాత్రం వద్దు, ఇసుకకి పాదాలు కాలిపోతాయి.