హే నుంచి హావర్డెన్ దాకా: లాటిన్ ప్రార్థన పుస్తకాల వేట

హే-ఆన్-వైకి రైలు లేదు. హెర్‌ఫర్డ్‌లో దిగి బస్సెక్కితే గంట పడుతుంది. ఆదివారం బస్సులు బాగా తక్కువ, ముందే చూసుకోండి. వేల్స్ సరిహద్దులోని ఈ చిన్న ఊరిని పాత పుస్తకాల ఊరిగా మార్చింది రిచర్డ్ బూత్. 1977 ఏప్రిల్ 1న హేకి తానే రాజునని ప్రకటించుకున్న ఘనుడు!

నేను వెళ్లింది ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) ప్రార్థన పుస్తకపు లాటిన్ అనువాదాల కోసం. జనానికి అర్థం కావాలని ఇంగ్లీషులోకి తెచ్చిన ఆరాధననే ఎలిజబెత్ రాణి 1560లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, ఈటన్, వించెస్టర్‌ల చదువరుల కోసం మళ్లీ లాటిన్‌లో అచ్చు వేయించింది. తర్వాత 1670లో జాన్ డ్యూరెల్, 1706లో థామస్ పార్సెల్, 1865లో బ్రైట్, మెడ్ ఇద్దరూ కలిసి కొత్త అనువాదాలు తెచ్చారు. మా సి.ఎస్.ఐ. గుడిలో తెలుగులో విన్న కొన్ని ప్రార్థనలు వీటిలో ఎదురైతే నాకదో సరదా.

హేలో మతగ్రంథాల అరలు పెద్దవే గానీ, నిండా ఇంగ్లీషు ప్రసంగాలూ బైబిలు వ్యాఖ్యానాలే. బ్రైట్–మెడ్ లాంటి విక్టోరియా కాలపు ప్రతి తగలొచ్చు. డ్యూరెల్ కావాలంటే మాత్రం ఆ అరల్లో దుమ్ము పీల్చడం దండగ, కేటలాగులూ వేలాలూ చూడాల్సిందే. పార్సెల్ చాలాసార్లు మళ్లీ అచ్చయింది. తోలు అట్ట చూసి మురిసిపోకుండా ముఖపత్రం, ఆఖరి పేజీ ఉన్నాయో లేదో చూసి బేరమాడండి. నేను దిగిన బసలో టిఫిన్ బాగుంది కానీ గదంతా చెమ్మ, అది పాత కాగితానికి శత్రువు.

హెర్‌ఫర్డ్‌లో ఒక పూట ఆగండి. కేథడ్రల్‌లో గొలుసుల గ్రంథాలయం, 1300 ప్రాంతపు ప్రపంచ పటం మాప్పా ముండి ఒకే టికెట్‌పై చూడొచ్చు. గొలుసు అట్ట ముందంచుకు బిగించి ఉంటుంది, అందుకే పుస్తకాలన్నీ వెన్ను లోపలికి పెట్టి నిలబడ్డాయి.

బసకైతే నా ఓటు ఉత్తర వేల్స్‌లోని హావర్డెన్‌లో ఉన్న గ్లాడ్‌స్టన్ లైబ్రరీకే. బ్రిటన్ ప్రధానిగా చేసిన గ్లాడ్‌స్టన్ స్వయంగా పుస్తకాలిచ్చి పెట్టిన లైబ్రరీలోనే గదులున్నాయి. టీవీ లేదు, రాత్రి కూడా చదువుకోవచ్చు. ఇంగ్లండ్ చర్చి బిషప్ లాన్సెలాట్ ఆండ్రూస్ రాసుకున్న ప్రార్థనలు 1675లో ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు, లాటిన్‌లలో అచ్చయ్యాయి. అలాంటివి కొనేముందు వాటి గురించి చదువుకోవడానికి ఇంతకన్నా అనువైన బస నాకు తగల్లేదు. ఖరీదు హే గదికన్నా మరీ ఎక్కువేం కాలేదు. ఈసారి హేలో ఒక్క రాత్రే ఉండి, మిగిలినవన్నీ ఇక్కడే గడుపుతాను.