ఫారెస్ట్రీనా, ఎన్విరాన్‌మెంటల్ సైన్సా, అగ్రి ఇంజినీరింగా? అడవి, నేల, నీళ్ళు కాపాడే చదువుకి ఏది మేలు?

"అడవులు, నీళ్ళు కాపాడే చదువు చదవాలనుంది, ఎందులో చేరాలి" అని అడిగే ఇంటర్ పిల్లలు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు, అది చూస్తే చాలా సంతోషంగా ఉంటుంది, కానీ వాళ్ళకి దొరికే సలహాలు చూస్తే మాత్రం బాధేస్తుంది. కోర్సు పేరులో 'ఎన్విరాన్‌మెంట్' అని ఉంటే చాలు అదే మంచిది అనేస్తున్నారు. నన్నడిగితే చూడాల్సినవి రెండు, ఆ డిగ్రీతో ఏ పరీక్షలు రాయొచ్చు, చదివినన్నాళ్ళూ ఫీల్డుకి ఎంత తీసుకెళ్తారు.

ముందు ఫారెస్ట్రీ. తెలంగాణలో ములుగులో ఫారెస్ట్ కాలేజ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ములుగు అనగానే రామప్ప గుడి ఉన్న జిల్లా అనుకుంటారు, ఇది సిద్దిపేట జిల్లాలో హైదరాబాద్‌కి దగ్గర్లో ఉన్న ములుగు. తమిళనాడు మెట్టుపాళయం ఫారెస్ట్ కాలేజీ తరహాలో 2016లో మొదలుపెట్టారు. నాలుగేళ్ళ బీఎస్సీ ఆనర్స్, బైపీసీ వాళ్ళు ఎంసెట్ (ఇప్పుడు పేరు ఈఏపీసెట్) ర్యాంకు మీద వెళ్తారు. అడవి పెంచే పద్ధతులు, నర్సరీ, కలప, నేలలు, వన్యప్రాణులు, జీఐఎస్ మ్యాపులు (కంప్యూటర్‌లో గీసే మ్యాపులు) అన్నీ ఒకే డిగ్రీలో వస్తాయి, ఇంకెక్కడా ఇవన్నీ కలిపి రావు. చిన్న ఉదాహరణ చెప్తా, చెట్టు లావు కొలవాలంటే నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపు పెట్టాలి, పుస్తకంలో అంతే ఉంటుంది, కానీ చెట్టు కొండ వాలు మీద ఉంటే పైవైపు నేల నుంచి లెక్కపెట్టాలి, ఆ ఎత్తుకి కిందే రెండుగా చీలిపోతే రెండు చెట్లుగా రాసుకోవాలి, ఇలాంటివి వందల చెట్లు కొలిస్తే గానీ చేతికి రావు, ఫారెస్ట్రీ పిల్లలకి ఆ అవకాశం చదువులోనే ఉంటుంది.

లోటు లేదా అంటే ఉంది. ఉద్యోగాలు ఎక్కువ గవర్నమెంట్ వైపే, నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ప్రైవేట్‌లో పేపర్ మిల్లులు రైతుల పొలాల్లో వేయించే జామాయిల్, సుబాబుల్ తోటల పని, నర్సరీలు, ఎన్‌జీఓలు ఉంటాయి, జీతాలు మొదట్లో గొప్పగా ఉండవు. ఇంట్లో వాళ్ళకి ఈ మాట ముందే చెప్పేయాలి.

ఇక ఎన్విరాన్‌మెంటల్ సైన్స్. దీన్ని తక్కువ చెయ్యను, గాలి, నీళ్ళ శాంపిళ్ళు, కాలుష్యం, చట్టాలు దీనిలోనే బాగా వస్తాయి. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద చాలా పెద్ద ప్రాజెక్టులకి పర్యావరణం మీద వాటి ప్రభావం ఎంతో రిపోర్టు రాయాలి, ఆ రిపోర్టులు రాసే కన్సల్టెన్సీల్లో ఈ చదువుకి పని దొరుకుతుంది. కానీ ఒకటి బాగా చూసుకోండి. ఐఎఫ్‌ఎస్, అంటే ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయాలంటే డిగ్రీలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, జియాలజీ, పశువైద్యం వీటిలో ఒక్కటైనా ఉండాలి, లేదంటే అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఆ జాబితాలో లేదు! అడవి మీద ఇష్టంతో లక్షలు కట్టి ఆ పేరున్న కోర్సులో చేరిన పిల్లకి మూడేళ్ళయ్యాక ఈ సంగతి తెలిస్తే ఎంత అన్యాయం చెప్పండి. అందుకే డిగ్రీలో బాటనీ, కెమిస్ట్రీ లాంటివి పెట్టుకుని మంచి గవర్నమెంట్ కాలేజీలో తక్కువ ఫీజుతో చదివి, ఎన్విరాన్‌మెంట్‌ని పీజీకి ఉంచుకోండి. డెహ్రాడూన్‌లో 1906లో పెట్టిన ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1991 నుంచి డీమ్డ్ యూనివర్సిటీ, అక్కడ ఫారెస్ట్రీలోనూ ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్‌లోనూ ఎమ్మెస్సీ చెయ్యొచ్చు. జంతువుల మీద పిచ్చి ఉంటే అదే ఊళ్ళో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, సీట్లు చాలా తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది.

ఎంపీసీ వాళ్ళకి అసలు ఈ లైను ఉందని కూడా ఎవరూ చెప్పరు. బీటెక్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ ఉంది కదా, ఏపీలో బాపట్ల, మడకశిర, తెలంగాణలో సంగారెడ్డి దగ్గర కంది. దాంట్లో సాయిల్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఒక పెద్ద భాగం, వాన పడితే ఎంత నీరు పారుతుంది, చెక్‌డ్యామ్ మత్తడి ఎంత వెడల్పు ఉండాలి, కాంటూరు గట్లు (వాలుకి అడ్డంగా వేసే గట్లు) ఎంత దూరంలో వెయ్యాలి, ఇవన్నీ లెక్కలతో నేర్పిస్తారు. అనంతపురం లాంటి చోట అడవి కన్నా ముందు నిలబెట్టాల్సింది మట్టిని, వాన నీటిని, అలాంటి పని చెయ్యాలనుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి చదువు నాకు కనిపించలేదు. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999లో ఇక్రిశాట్ (మెట్ట పంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ) వాళ్ళు రైతులతో కలిసి మొదలుపెట్టిన వాటర్‌షెడ్ (పడిన వాన నీటిని, మట్టిని అక్కడే నిలిపే పని) గురించి వెతికి చదవండి, ఎండిన బావుల్లోకి నీళ్ళు ఎలా వచ్చాయో, ఆ లెక్కల వెనక ఊరి కమిటీ ఎంత పని చేసిందో అర్థమవుతుంది. ఇంజినీరింగ్ డిగ్రీ కాబట్టి ఐఎఫ్‌ఎస్‌కి కూడా అడ్డం లేదు.

కెనడాలో యూబీసీ (యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా)లో సహజ వనరుల మీదే డిగ్రీ ఉంది, మంచి యూనివర్సిటీయే, కానీ ఇంటర్ అవ్వగానే అప్పు చేసి అంత ఫీజు కట్టొద్దు. ఇక్కడ డిగ్రీ చేసి స్కాలర్‌షిప్ మీద మాస్టర్స్‌కి వెళ్ళండి.

మరి ఏది మేలు అంటే, బైపీసీ అయ్యి అడవిలో పని చెయ్యాలని గట్టిగా ఉంటే ఫారెస్ట్రీ, నేను రెండో మాట చెప్పను. ఎంపీసీ అయితే అగ్రి ఇంజినీరింగ్. ఫారెస్ట్రీ సీటు రాకపోతే బాటనీ ఉన్న మామూలు బీఎస్సీ చేసి డెహ్రాడూన్ వైపు చూడాలి. పేరు చూసి ప్రైవేట్ యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంట్ డిగ్రీకి లక్షలు కట్టడం అన్నిటికన్నా చివర.

ఆడపిల్లలకి అడవి ఉద్యోగం ఎందుకు అనేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ మాట అస్సలు పట్టించుకోవద్దు. ఐఎఫ్‌ఎస్‌లో నడక పరీక్ష ఉంటుంది, 4 గంటల్లో మగవాళ్ళు 25 కిలోమీటర్లు, ఆడవాళ్ళు 14 కిలోమీటర్లు, రోజూ నడక అలవాటు చేసుకుంటే ఎవరైనా నడుస్తారు.

ఏపీ పిల్లలు ములుగు ఒక్కటే ఉందనుకుని ఆగిపోవద్దు. సీయూఈటీ (దేశమంతటా డిగ్రీ ప్రవేశాలకి పెట్టే పరీక్ష)లో ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కోటా కింద వేరే రాష్ట్రాల కాలేజీల్లో ఫారెస్ట్రీ సీట్లు ఉంటాయి, కర్ణాటకలో సిర్సి, పొన్నంపేట, కేరళలో వెల్లానిక్కర, హిమాచల్‌లో సోలన్ దగ్గర నౌని, ఇవన్నీ పాతవి, పేరున్నవి. ఎంసెట్ హడావుడిలో పడి సీయూఈటీ అప్లికేషన్ డేటు దాటిపోనివ్వకండి, ఫారం నింపేటప్పుడు ఐసీఏఆర్‌కి కావాల్సిన సబ్జెక్టులు పెట్టారో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.